నాంపల్లి పెనం మీద ఆలుగడ్డ

జనవరి 1 వచ్చిందంటే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా జరిగే నుమాయిష్ సంత సందడి. అక్కడి చాట్ బండ్ల ముందు షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం ఏటా అదే ప్రశ్న: ఆలుగడ్డ తినొచ్చా, వద్దా? జవాబు చాలావరకు వంటలోనే ఉంది.

ఆండీస్ కొండల్లో వేల ఏళ్ల కిందట సాగైన ఈ గడ్డను పోర్చుగీసులు మన పడమటి తీరానికి తెచ్చారు. రెండు మూడు శతాబ్దాల్లో అది దేశమంతా పాకింది.

స్థానిక సరుకులు చూపించాలని పెట్టిన నుమాయిష్‌కు ఇప్పుడు తినడానికే వచ్చేవాళ్లూ తక్కువేం కాదు.

అక్కడి చాట్ బండి దగ్గర కాసేపు నిలబడండి. ముందే ఉడికించి, తొక్క తీసి, చల్లారబెట్టిన గడ్డలు కుప్పగా ఉంటాయి. పచ్చి గడ్డలో పిండిపదార్థం బిగువైన రేణువులుగా ఉంటుంది, మన ఎంజైములకు అంత తేలిగ్గా లొంగదు. నీళ్లలో వేడి 60, 70 డిగ్రీలకు చేరేసరికి ఆ రేణువులు ఉబ్బి విచ్చుకుంటాయి. ఇక లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైముకు అడ్డే ఉండదు. వేడివేడిగా మెదిపిన గడ్డ రక్తంలో చక్కెరను చప్పున పెంచేది అందుకే. చల్లారితే విడివడిన పిండి గొలుసుల్లో కొన్ని మళ్లీ దగ్గరై బిగుసుకుంటాయి. ఆ భాగం చిన్నపేగులో అరగక, పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మేతవుతుంది. పెనం మీద టిక్కీగా మళ్లీ కాల్చినా అందులో కొంత నిలుస్తుంది. పైన పోసే చింతపండు పులుపూ అరుగుదలను కాస్త నెమ్మదింపజేస్తుంది. నూనె కూడా అంతే, కానీ కేలరీలు పెంచుతుంది.

1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం, తిన్నది రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్‌ను ప్రతిపాదించాక ఆహారానికి అంకెలొచ్చాయి. ఆలుగడ్డ మాత్రం ఒక్క అంకెకు కట్టుబడలేదు. రకాన్ని బట్టి, ఉడికిన తీరును బట్టి, పక్కన తిన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ లెక్కను ఇంకా చిక్కు చేయడానికి ఇప్పుడు ఫ్రిజ్, మైక్రోవేవ్, ఎయిర్ ఫ్రయర్, గడ్డకట్టించిన ఫ్రెంచ్ ఫ్రైస్ కూడా వచ్చిపడ్డాయి. పైగా చల్లారినందువల్ల పెరిగే అరగని పిండి కొద్దిపాటిదే. మిగతాదంతా చక్కెరగా మారేదే.

అబిడ్స్ టిఫిన్ హోటల్లో పూరీతో వచ్చే ఆలూ కూర వేడిగా, మెత్తగా ఉంటుంది. దానికి చల్లారిన గడ్డకుండే లాభం లేదు. షుగర్ ఉన్నవాళ్లు అక్కడ రెండోసారి కూర అడక్కపోతేనే మంచిది.