తెరకెక్కిన పగ: ఫ్యాక్షన్ చిత్రాల పూర్వాపరాలు

తెలుగు చిత్రసీమలో ‘ఫ్యాక్షన్ సినిమా’ అని పేరుపడిన కథారీతి 1997లో వచ్చిన ‘ప్రేమించుకుందాం రా’తో రూపు దిద్దుకుని, 1999 సంక్రాంతికి విడుదలైన బి. గోపాల్ చిత్రం ‘సమరసింహారెడ్డి’తో మూసగా స్థిరపడింది. గతాన్ని దాచుకుని పరాయి ఊళ్లో సామాన్యుడిగా బతికే కథానాయకుడు, నడిమధ్యలో బయటపడే అతని అసలు పేరు, ఆపై రాయలసీమలో జరిగిన రక్తపాతం, చివరకు ప్రతీకారం అనే ఈ వరుసను ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002) కొద్ది మార్పులతో అనుసరించాయి. మొదటి చిత్రంలో అతడు నాట్యాచార్యుడు, రెండో చిత్రంలో కాశీలో టాక్సీ నడిపేవాడు. బారులు తీరిన సుమోలు, వేటకొడవళ్లు, నాటుబాంబులు, తొడగొట్టి పలికే సంభాషణలు కలిసి హింసకు ఉత్సవపు హంగు తెచ్చిపెట్టాయి.

ఈ చిత్రాలలో పగకు మూలం రక్తసంబంధం. సీమ చరిత్రలో మాత్రం పగకు మూలం అధికారం, భూమి, నీరు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ఈ దత్తమండలాలలో పాలెగాళ్లు, అంటే కోటను, సొంత బంట్లను పోషించుకుంటూ పన్నులు వసూలు చేసుకున్న స్థానిక అధిపతులు, పెద్దసంఖ్యలో ఉండేవారు. కలెక్టర్ థామస్ మన్రో వారి సాయుధబలాన్ని అణచి, పలువురిని తవర్జీ అనే భరణానికి పరిమితం చేశాడు. 1846లో తిరగబడి మరుసటి ఏడాది కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఆ భరణపు తరానికి చెందినవాడే. అయితే నేటి ముఠాలను నేరుగా పాలెగాళ్ల వారసులుగా చెప్పడం చరిత్రను మరీ సులువు చేయడమే అవుతుంది, ఎందుకంటే వంశపారంపర్యంగా వచ్చిన గ్రామాధికారం చుట్టూ పెరిగిన కక్షలు, స్వాతంత్ర్యం తర్వాత పంచాయతీ ఎన్నికలు, సారా వేలంపాటలు, ప్రభుత్వ పనుల కాంట్రాక్టులు తోడయ్యాకే ఇప్పటి రూపు దాల్చాయి.

వర్షాభావం వల్ల సేద్యం నమ్మకంలేనిదైన చోట, కౌలుకూ అప్పుకూ కూలికీ ఊరిపెద్ద మీద ఆధారపడిన పేదవాడు అతని వెంట నడవక తప్పలేదు; చంపినా చచ్చినా ముందు వరుసలో ఉన్నది అతడే, ఆపై ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిందీ అతని ఇంటివారే. ఊరి రక్షణ కోసం ఇంటికొక మగబిడ్డను అప్పగించినట్లు ‘నరసింహనాయుడు’లో చూపినప్పుడు ఈ నిజం తెరకు అతి చేరువగా వచ్చింది, కానీ చిత్రం దానిని త్యాగంగా కీర్తించి, ఆ బిడ్డలను నాయకుడి వెనుక గుంపుగా మిగిల్చింది. ఆ కుటుంబాలకు జరిగిన అన్యాయం తెలుగు సినిమా ఇంకా తీర్చుకోని బాకీ.

2018లో త్రివిక్రమ్ తీసిన ‘అరవింద సమేత వీర రాఘవ’ ఈ మూసను చాలావరకు తిరగవేసింది. అందులో రెండు ఊళ్ల వైరం పేకాటలో ఐదు రూపాయల దగ్గర మొదలవుతుంది. పాత చిత్రాలు నడిమధ్యకు దాచిపెట్టే ఊచకోత ఆరంభంలోనే ముగిసి, కథ మిగతా భాగమంతా ఆ నరుకుళ్లను ఆపడానికి సాగే ప్రయత్నంగా నడుస్తుంది.