స్కాట్లండు ఉత్తరసీమల వైద్యసేవ: డ్యూయరు సంఘవృత్తాంతము

బ్రిటను దేశమున రాజ్యమే ప్రజలకు వైద్యసహాయము సమకూర్చుట 1948 జూలై 5వ తేదీన జాతీయారోగ్యసేవతో నారంభమయ్యెనని సామాన్యముగా వ్రాయుచుందురు. ఈ మాట పూర్తిగా సత్యము కాదు. అంతకు ముప్పదియైదేండ్ల ముందే యా రాజ్యపు టుత్తరపు టంచున, కొండలకును సముద్రమునకును నడుమ చెదరియున్న పల్లెలలో, ఖజానాధనమును మూలముగాఁ గొని నడచిన వైద్యసేవ యొకటి వెలసెను. దానికి మార్గము చూపిన సంఘమునకు అధ్యక్షుఁడు ఇన్వర్నెస్ మండలప్రతినిధిగాఁ బార్లమెంటునందుండిన సర్ జాన్ డ్యూయరు. అందఱకు నొక్కటియే యైన శాసనము అందఱకు నొక్కటియే యైన ఫల మీయకపోవుట యెట్లు సంభవించెనో, దాని నా సంఘ మేరీతిని రుజువుపఱచెనో విచారించుటయే యీ వ్యాసోద్దేశము.

ఆర్గైలు, ఇన్వర్నెస్, రాస్-క్రోమర్టీ, సదర్లండు, కెయిత్‌నెస్, ఆర్క్నీ, షెట్లండు అను నేడు మండలములు స్కాట్లండు భూభాగమున నించుమించు సగము. ఇరువదవ శతాబ్ద్యారంభమున నందలి జనులు సుమారు మూఁడు లక్షలు మాత్రమే. వీరిలోఁ బెక్కండ్రు 'క్రాఫ్టరు'లు. అనఁగా చిన్న కమతపు కౌలురైతులు. కొలఁది నేల, కొన్ని గొఱ్ఱెలు, చేపలవేట, ఇవియే వారి జీవనాధారములు. పడమటి తీరమునను, చేరువ ద్వీపములలోను గేలిక్కు భాష వాడుకలో నుండెను.

ఈ సీమవారి యార్తి మొదట భూమినిగూర్చి వెలువడెను. వారి స్థితిగతులను విచారించుటకు 1883లో నేపియరు సంఘము నియమింపఁబడెను. 1884 నాఁటి సంస్కరణశాసనముచే గ్రామీణ గృహస్థులలోఁ బలువురకు వోటు లభించెను. 1885 ఎన్నికలలో క్రాఫ్టరుల పక్షమువారు కొందఱు సభకు వచ్చిరి. 1886లో వెలువడిన శాసనము కమతములపై స్థిరమైన హక్కును, న్యాయమైన శిస్తును ఏర్పఱచెను. కాని నేలపై హక్కు కుదిరినంతమాత్రమున రేవు రాదు, తపాలా రాదు, వైద్యుఁడు రాఁడు. రాస్-క్రోమర్టీ ప్రతినిధి గాలోవే వియరు 1892 మొదలు 1911 వఱకు సభయందుండి రేవులను, తపాలాను, తంతిని గూర్చి మంత్రులను తఱచుగాఁ బ్రశ్నించుచుండెను. అయినను మారుమూల యూరికిఁ దంతి వేయవలెనన్నచో, నష్టము వచ్చెనేని దానిని భరింతుమని స్థానికులు జామీ నీయవలసిన పద్ధతి యుండెను. ఆదాయము లేని చోటికి సేవ రాదు. సేవ లేని చోట నాదాయము పెరుగదు. ఈ వలయమును ఛేదించుటకు విడివిడి ప్రశ్నలు చాలలేదు.

వైద్యవిషయమున నీ దురవస్థ మిక్కిలి ప్రాఁతది. ఎడింబరో రాజకీయ వైద్యకళాశాలవారు ఉత్తరసీమలలో వైద్యుల కొఱతనుగూర్చి విచారణ జరిపి 1852లోనే నివేదికను బ్రకటించిరి. 1845 నాఁటి పేదల శాసనముచే నిఱుపేదలకు వైద్యసహాయము చేయు భారము పారిషులపైఁ బడెను. పారిషు వైద్యుఁడు స్వల్పజీతముతో విశాలమైన సీమ కంతటికిఁ దిక్కైయుండెను. పారిషు సభవారు తలఁచినపుడు వానిని దొలఁగింపవచ్చును. వానికి వ్యాధి వచ్చినను, సెలవు కావలసినను బదులు నిలుచువాఁడు లేఁడు. గుఱ్ఱమునకును పడవకును అయిన వ్యయము వాని సొంతము. నిఱుపేదలు కాని క్రాఫ్టరులు రుసుము నిచ్చుకొనవలసినదే. దూరము హెచ్చినకొలఁది రుసుమును హెచ్చును. కావున ననేకులు ప్రాణముమీఁదికి వచ్చిన దాఁక వైద్యునికిఁ గబురంపెడివారు కారు. పెక్కు కాన్పులు శిక్షణ లేని స్త్రీల చేతులమీఁదుగా జరుగుచుండెను. కొన్ని పారిషులలో వైద్యుని నిర్ధారణము లేకయే నమోదైన మరణము లనేకములు.

ఇట్లుండఁగా 1911లో జాతీయ భీమా శాసనము వెలువడెను. కూలివాఁడు వారమునకు నాలుగు పెన్నీలును, యజమాని మూఁడు పెన్నీలును, రాజ్యము రెండు పెన్నీలును వేసిన నిధినుండి కూలివానికి వైద్యము లభించును. కర్మాగారముల పట్టణములకిది తగిన యేర్పాటే. కాని క్రాఫ్టరునకు యజమాని యెవ్వఁడు? తన కమతములోఁ దానే పనిచేయువాఁడు, తన పడవలోఁ దానే వేటకుఁ బోవువాఁడు ఆ శాసనదృష్టిలోఁ గూలివాఁడు కాఁడు. భీమా పొందఁదగినవాఁ డొకఁడున్నను, ఆతని భార్యాబిడ్డలకు వైద్యసహాయము లేదు. దేశమంతటికి నొక్కటిగా వ్రాయఁబడిన శాసన మీ సీమయందు నిష్ఫల మగుట యిట్లు సంభవించెను.

ఈ లోపమును గుర్తించి ఖజానావారు 1912 జూలైలో డ్యూయరు అధ్యక్షుఁడుగా సంఘము నొకదానిని నియమించిరి. డ్యూయరు పెర్తు పట్టణమున 1856లో జన్మించి, విస్కీ వర్తకమున నార్జించిన కుటుంబమువాఁడు; 1900 మొదలు 1916 వఱకు ఇన్వర్నెస్ ప్రతినిధి. స్కై, హారిస్, యూయిస్టు, బారా ద్వీపములు ఆతని నియోజకవర్గములోనివే. సంఘసభ్యులలో డాక్టరు లెస్లీ మెకంజీయు, తరువాతఁ బార్లమెంటు సభ్యురాలైన టల్లిబార్డిన్ ప్రభ్వియు నుండిరి. వీరు ఎడింబరోలోఁ గూర్చుండి తృప్తిపడలేదు. సీమయందలి వైద్యులకుఁ బ్రశ్నపత్రములను బంపిరి. ఇన్వర్నెస్, స్టోర్నోవే, కర్క్‌వాలు, లెర్విక్కు, ఓబను మున్నగు చోట్లకుఁ బోయి సాక్ష్యములు గైకొనిరి. ఆఱు నెలలు నిండకయే, 1912 డిసెంబరు చివర, నివేదిక సిద్ధమయ్యెను.

ఆ నివేదిక ప్రధానభావ మిది. రోగి పేదఱికమును వైద్యుని పేదఱికమును వేర్వేఱు వ్యాధులు కావు. రెండింటికిని మూలము దూరమే. దూరపు వ్యయమును రోగిపై మోపినచో నాతఁడు వైద్యునిఁ బిలువఁడు. వైద్యునిపై మోపినచో నాతఁ డచట నిలువఁడు. కాఁబట్టి దానిని రాజ్యమే భరింపవలెను. నివేదిక యింతటితో నాగక వైద్యునికి నివాసగృహము, సెలవు, వృత్తిభద్రత, శిక్షితలైన దాదులు, చిన్న యాసుపత్రులు, రోగులను జేరవేయు సాధనములు, తంతి, టెలిఫోను, ఇవన్నియు నొకదాని నొకటి యాశ్రయించియున్నవని చూపెను. విడివిడి ప్రశ్నలు సాధింపలేనిదానిని సాక్ష్యముల కూర్పు సాధించెను.

1913 ఆగష్టులో శాసనము వెలువడి, యేఁటికి 42,000 పౌనుల గ్రాంటు మంజూరయ్యెను. పెర్తు మండలమునందలి కొండప్రాంతమును ఈ సేవలోఁ జేర్చిరి. గ్రాంటు పొందు వైద్యుఁడు దూరముతో నిమిత్తము లేక అల్పమైన నిర్ణీతరుసుమునకే రోగి యింటికిఁ బోవలెను. మొదటి ప్రపంచయుద్ధమువలన ననేక కార్యములు వెనుకఁబడినను, 1919లో నీసేవ స్కాట్లండు ఆరోగ్యమండలికి సంక్రమించి విస్తరించెను. 1929 నాఁటికి 150 వైద్యస్థానములలో 160 మంది వైద్యులును, 175 మంది దాదులును పనిచేయుచుండిరి. 1933 మే నెలలో ఐలా ద్వీపమునుండి యొక రోగిని విమానమున గ్లాస్గోకుఁ గొనిపోయిరి. అమెరికాలోని కెంటకీ కొండలలో 1925లో దాదుల సేవను స్థాపించిన మేరీ బ్రెకిన్‌రిడ్జి యంతకు ముందేఁట నీ సీమకు వచ్చి యిచటి పద్ధతిని బరిశీలించి పోయెను.

ఇచట రెండు విషయములను మఱువరాదు. ఒకటి, ఇది యుచితవైద్యము కాదు. రుసుము తగ్గెనే కాని తొలఁగిపోలేదు. కావున దీనిని 1948 నాఁటి సేవకు మార్గదర్శి యనవచ్చును గాని, దానితో సమాన మనరాదు. రెండు, వైద్యమొక్కటియే మారుమూల పల్లెను నిలుపఁజాలదు. డ్యూయరు ప్రాతినిధ్యము వహించిన మండలములోనిదే సెయింటు కిల్డా ద్వీపము. జనసంఖ్య క్షీణించి జీవనము దుస్సాధ్యము కాఁగా, అందు మిగిలిన 36 మందియు స్వయముగాఁ గోరి 1930 ఆగష్టు 29న దానిని విడిచివచ్చిరి.

డ్యూయరు 1917లో ఫోర్టీవియట్ ప్రభువై 1929లో మరణించెను. నేఁ డాతని కుటుంబనామము వర్తకమువలననే లోకమున నెక్కువగాఁ దెలియును. ఈ సేవ కీర్తి యాతని యొక్కనిదే యనుట న్యాయము కాదు. తమ బాధను దాఁచక చెప్పిన పల్లెవారును, లెక్కలు వ్రాసి పంపిన వైద్యులును దానిలో భాగస్వాములు. అయినను ఒక్కటి యాతని సంఘమునకుఁ జెల్లఁదగినది. ఊరు దూరమైనందున సేవ రాదని యంతకుముందు చెప్పుచుండిరి. దూరమైనందుననే రావలెనని యా సంఘము సప్రమాణముగాఁ జెప్పెను. ఈ మాఱిన వాదమునుండియే 1913 నాఁటి శాసనము పుట్టెను.