తాండూరు దాటాక షోలాపూర్

తాండూరులో ముంబయి వైపు పోయే బండెక్కితే వాడి, గుల్బర్గా దాటాక షోలాపూర్ వస్తుంది. అక్కడ పూర్వభాగ్ అనే తూర్పు పేటల్లో నడిస్తే మన తెలుగే వినిపిస్తుంది. మగ్గం పని కోసం తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీల తెలుగు అది. నాకు చాలాకాలం షోలాపూర్ అంటే దుప్పటి మాత్రమే.

బట్టల మిల్లులు కట్టిన నగరాలంటే మనకు మాంచెస్టర్ గుర్తొస్తుంది. పోలండ్‌లోని వూచ్ ఇంకా విచిత్రం. 1820లో వెయ్యిమంది కూడా లేని ఆ ఊరు, శతాబ్దం చివరికి 3 లక్షలు దాటింది. మిల్లులు పోయాక అక్కడి పెద్ద ఫ్యాక్టరీ ఒకటి 2006లో షాపింగ్ మాల్ అయింది. ఎర్ర ఇటుక గోడలు అట్లాగే ఉన్నాయి, లోపల మాత్రం బ్రాండ్ల షాపులు.

షోలాపూర్ కథ రైలుతో మొదలవుతుంది. బొంబాయి నుంచి రైలు 1860లో అక్కడికి చేరింది. 1874లో వికారాబాద్, తాండూరు మీదుగా సికింద్రాబాద్‌ని వాడితో కలిపారు. 1877లో షోలాపూర్‌లో మొదటి మిల్లు వచ్చింది. ఈ మూడు సంవత్సరాలు పక్కపక్కన పెడితే మనవాళ్ళకి దారి ఎట్లా దొరికిందో తెలుస్తుంది.

తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నేత మాత్రం ఆగలేదు, పవర్‌లూమ్‌ల మీద ఇళ్ళల్లో, చిన్న షెడ్లలో సాగింది. కానీ మిల్లుకి కూత ఉంటుంది, డ్యూటీ ఎప్పుడు అయిపోయిందో చెప్తుంది. ఇంట్లో మగ్గానికి అదేం లేదు. ఆ మగ్గం కూలీ చాలని ఇళ్ళల్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టారు.

వూచ్‌తో పోలిక నాకు ఇక్కడే తెగిపోతుంది. నరసయ్య ఆడం అనే తెలుగు కమ్యూనిస్టు నాయకుడి వెంట ఈ బీడీ కార్మికులు ఏళ్ళ తరబడి పోరాడారు. 2006లో కుంభారి దగ్గర 10 వేల ఇళ్ళ కాలనీ సాధించుకున్నారు. దానికి గోదావరి పరులేకర్ పేరు పెట్టుకున్నారు. 2024 జనవరిలో రే నగర్‌లో నేత, బీడీ కార్మికులకీ ఇతర కూలీలకీ మరో 15 వేల ఇళ్ళు అందాయి. అక్కడ పాత మిల్లుకి కొత్త బతుకు దొరికింది, ఇక్కడ పనివాళ్ళకి ఇల్లు దొరికింది. అది ఊరి బయట, నిజమే. బీడీ కూలీ ఎంత తక్కువో కూడా తెలుసు. అయినా నగరంలో ఒక కొత్త ముక్కని పనివాళ్ళే అడిగి తెచ్చుకున్నారు.

మా తాండూరు నాపరాయిని నమ్ముకుని పెరిగిన ఊరు. ఇప్పుడు ఎక్కడ చూసినా టైల్సే. ఆ రాయికి గిరాకీ పూర్తిగా పడిపోయిన రోజున పాలిష్ యూనిట్ల స్థలాలు ఏమవుతాయో ఊహించడం కష్టం కాదు. వాటిల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళ గురించి అడిగేవాళ్ళు ఉంటారా అన్నదే నా దిగులు.