తిథి తెలియని తెరలు

1582 జూలై మొదట్లో జపాన్‌లో, బివా సరస్సు ఒడ్డున, అజుచి కోట తగలబడింది. ఏడంతస్తుల ఆ బురుజు కూలేనాటికి దాని బొమ్మ మాత్రం అక్కడ లేదు. అది అప్పటికే సముద్రం దాటి మకావు చేరింది. రోముకు బయలుదేరిన నలుగురు కుర్రవాళ్ల సామానులో, ఓడకు గాలి మళ్లేదాకా, మడతల్లో మూసుకుని ఉంది. కోట పోయింది, కోట బొమ్మ బతికింది. ఇక్కడితో ఆగితే ఇది ఊరటనిచ్చే కథే.

ఆ బొమ్మ ఒక జత మడత తెరలు. జపాన్ వాళ్లు వీటిని బ్యోబు అంటారు, గాలికి అడ్డు అని అర్థం. చెక్క ఇళ్ల సందుల్లోంచి వచ్చే చలిని ఆపడానికి, పెద్ద గదిని రెండు చేసుకోవడానికి పుట్టిన సామాను అది. పనిలోంచి కళగా ఎదిగింది. సన్నటి చెక్క చట్రంలో గళ్లు గళ్లుగా పుల్లలు బిగించి, మీద పొరలు పొరలుగా కాగితం అంటిస్తారు. రెక్కకూ రెక్కకూ నడుమ ఇనుప బందులు ఉండవు. కాగితాన్నే ముందుకొకటి, వెనక్కొకటి పెనవేసి బందుగా చేస్తారు. అందుకే తెర రెండు వైపులా మడతపడుతుంది, బొమ్మ రెక్క రెక్కకూ తెగకుండా ఈ కొస నుంచి ఆ కొసకు సాగిపోతుంది. బంగారం అరచేతి వెడల్పు రేకులుగా పరుస్తారు. రంగురాళ్లు నూరి నీలం, ఆకుపచ్చ తీస్తారు. తెలుపుకు ఆల్చిప్పల పొడి. వీటన్నిటినీ కాగితానికి పట్టి ఉంచేది జంతువుల తోలునుంచి తీసిన బంక. ఆ బంకకు తేమ పడదు. ఈ మాట గుర్తుంచుకోవాలి.

గోడకు తగిలించిన పటంలా ఈ తెరను చూడకూడదు. ఇది తన మడతల మీద తానే నిలబడుతుంది. కుడినుంచి ఎడమకు చూపు నడుపుతుంటే ఒక రెక్క దగ్గరికి వస్తుంది, ఒకటి వెనక్కి తగ్గుతుంది. దీపం కదిలితే బంగారు మబ్బులు కదులుతాయి. మ్యూజియంలో గాజు వెనక, తెల్లటి కరెంటు వెలుతురులో వీటిని చూడటమంటే చదును చేసిన నదిని చూడటం లాంటిది.

అజుచిని కట్టించినవాడు ఓడా నొబునాగా. ముక్కలు ముక్కలుగా కొట్టుకుంటున్న దేశాన్ని కత్తితో కలుపుతూ వచ్చిన యోధుడు. క్రూరుడు కూడా, ఆ మాట దాచనక్కర్లేదు. 1576లో పని మొదలుపెట్టి మూడేళ్లలో బురుజు లేపాడు. లోపలి గదులన్నీ చిత్రించే బాధ్యత కానో ఎయితోకుకు అప్పగించాడు. ఎయితోకుకు అప్పటికి ముప్పై మూడేళ్లు. క్యోటోలోని ఇంటిని తమ్ముడికి అప్పజెప్పి, శిష్యులతో సహా అజుచికి తరలివెళ్లాడు. పై అంతస్తులో చైనా మహర్షులు, దాని కింది ఎనిమిది మూలల గదిలో బుద్ధుడు, ఆయన శిష్యులు. నొబునాగా కొలువులో ఉన్న ఓటా గ్యూఇచి ఏ గదిలో ఏ బొమ్మ ఉందో వరసగా రాసిపెట్టాడు. ఆ బొమ్మలకు మిగిలింది ఆ వరసే.

కోట పూర్తయ్యాక నొబునాగా దాన్నీ, దాని కింద పెరుగుతున్న ఊరినీ తెరల మీద వేయించాడు. ఉన్నది ఉన్నట్టు దిగాలి, కొండ, సరస్సు, ఇళ్లు, వంతెన, ఏదీ తప్పకూడదని ఆజ్ఞ. వేసింది ఎయితోకే అని చరిత్రకారుల నమ్మకం. చక్రవర్తి ఓగిమాచి ఆ తెరల మీద మనసుపడి అడిగించాడనీ, నొబునాగా అర్థం కానట్టు ఊరుకున్నాడనీ జెసూట్ పాదిరి లూయిష్ ఫ్రోయిష్ రాశాడు. చక్రవర్తికి ఇవ్వనివాటిని 1581లో సెలవు పుచ్చుకుంటున్న ఇటలీ పాదిరి అలెస్సాండ్రో వలిన్యానోకు ఇచ్చేశాడు. ఆయన తీసుకువెళ్తున్న దారిలో ఊరూరా జనం ఎగబడి చూశారట.

1582 ఫిబ్రవరిలో నాగసాకి నుంచి ఓడ కదిలింది. జపాన్ క్రైస్తవ ప్రభువుల తరఫున పోపును చూడబోతున్న ఆ నలుగురు, ఇతో మాన్షో, చిజివా మిగెల్, నకౌరా జూలియన్, హారా మార్టిన్యో, పద్నాలుగేళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలు. జూన్ 21న క్యోటోలోని హొన్నోజి గుడిలో నొబునాగాను సొంత సేనాని అకెచి మిత్సుహిదే చుట్టుముట్టాడు. నొబునాగా అక్కడే ప్రాణం తీసుకున్నాడు. రెండు వారాలు తిరగకముందే అజుచి మంటల్లో ఉంది. అంటించింది మిత్సుహిదే మనుషులా, నొబునాగా కొడుకేనా అన్న వాదం నేటికీ తేలలేదు.

తెరల ప్రయాణం మాత్రం ఆగలేదు. మలక్కా మీదుగా మన దేశానికి వచ్చి, 1583లో కొచ్చిలో వానాకాలమంతా ఉన్నాయి. ఆ తేమలో ఆ బంక ఎలా తట్టుకుందో తలుచుకుంటేనే గుండె తరుక్కుపోతుంది. తర్వాత గోవా. వలిన్యానో అక్కడే ఉండిపోయాడు. పిల్లలు ఆఫ్రికా కొస చుట్టి 1584 ఆగస్టులో లిస్బన్‌లో దిగారు. 1585 మార్చి 23న పోప్ పదమూడో గ్రెగరీ వాళ్లను కొలువులోకి పిలిచి, కన్నీళ్లతో ఎత్తి హత్తుకున్నాడు. ఆ తర్వాత తెరలు ఆయన చేతికి చేరాయి. వాటిని తన ప్రాసాదంలోని గ్యాలరీలో పెట్టించాడు. ఇటలీ నేలంతా నలభై పటాలుగా గోడల మీద కొత్తగా వేయించిన నూట ఇరవై మీటర్ల నడవా అది. ఇటలీ ఊళ్ల నడుమ ఒక జపాన్ ఊరు నిలబడింది.

ఆ సరికి ఆ ఊళ్లో కోట లేదు. గ్రెగరీ చూసి మురిసిపోయిన బురుజు బూడిదై మూడేళ్లు కావస్తోంది.

ఏప్రిల్ 10న గ్రెగరీ కన్నుమూశాడు. కొత్త పోపు వచ్చాడు. అక్కడినుంచి తెరల కథ పలచబడిపోతుంది. 1592 ప్రాంతంలో ఫిలిప్స్ వాన్ వింగే అనే ఫ్లాండర్స్ పండితుడు వాటిని చూసి కొన్ని భాగాలు గీసుకున్నాడు. ఆ గీతల ఆధారంగా చెక్కిన రెండు చిన్న అచ్చుబొమ్మలు పదిహేడో శతాబ్దం మొదట్లో పాడువాలో వెలువడిన ఒక పుస్తకంలో కనిపిస్తాయి. పైకప్పులు, ఒక ద్వారం, ఒక బురుజు. బంగారం లేదు, సరస్సు లేదు, మనుషులు లేరు. దాని తర్వాత ఏమీ లేదు.

నిప్పు పెట్టినవాడు లేడు. దోచుకుపోయిన సైన్యం ఉందని ఏ కాగితమూ చెప్పదు. నాకు తోచేదొక్కటే. కాగితపు బందు తెగితే దాన్ని మళ్లీ పెనవేయడం తెలిసిన చెయ్యి ఆ నగరంలో లేదు. రెక్కలు విడిపోయి ఉంటాయి. తేమకు బంక వదిలి రంగు రాలి ఉంటుంది. ఎవరో సర్దుతూ పక్కకు జరిపి ఉంటారు. ఆస్తిగా లెక్క రాసుకోవడం తెలిసిన ఇంట్లో, అక్కర తెలిసినవాళ్లు లేక పోయాయి. కోట చావుకు తేదీ ఉంది, దాని కోసం ఏడ్చినవాళ్లు ఉన్నారు. తెరలకు ఆ తేదీ కూడా దక్కలేదు. పోయిన తిథి తెలియనివాళ్లకు మన ఇళ్లలో మహాలయ అమావాస్యనాడు నీళ్లు వదులుతారు. వీటికి ఆ పాటి వాళ్లూ లేరు.

ఆ పిల్లలు 1590లో ఇంటికి చేరారు. దేశం మారిపోయింది, వాళ్ల మతం మీద వేట మొదలైంది. మాన్షో జబ్బుతో పోయాడు. మార్టిన్యో దేశం విడిచి మకావులో పోయాడు. మిగెల్ జెసూట్ సంఘాన్నే వదిలాడు. జూలియన్‌ను 1633లో నాగసాకిలో తలకిందులుగా గోతిలో వేలాడదీసి చంపారు. ఎయితోకు వాళ్లు తిరిగొచ్చిన ఏడాదే మరణించాడు. ఆయన చిత్రించిన కోటలూ భవనాలూ వరసగా కూలాయి, కాలాయి.

ఆయన తెరల్లో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలం. వాటిలో క్యోటో నగరపు జత తెరలు ఒకటి. 1565లో, మన హంపీ కాలిన ఏడాదే, వేసినవని చెబుతారు. నొబునాగా వాటిని 1574లో సాటి యుద్ధప్రభువు ఉఎసుగి కెన్షిన్‌కు కానుకగా పంపాడు, ఇప్పుడు యొనెజవాలోని మ్యూజియంలో ఉన్నాయి. బంగారు మబ్బుల సందుల్లో దాదాపు రెండున్నర వేలమంది మనుషులు. చేపలు అమ్మేవాళ్లు, కోడిపందెం చుట్టూ మూగినవాళ్లు, ఊరేగింపు లాగేవాళ్లు. అజుచి తెరల్లోనూ ఇలాంటి జనమే ఉండి ఉంటారు. సరస్సులో పడవ నడిపినవాడు, కొత్త ఇంటికి పెంకులు మోసినవాడు. వాళ్ల బొమ్మ మరెక్కడా లేదు.

అజుచి కొండ మీద ఇప్పుడు బురుజు రాతి పునాది ఉంది, పైకి ఎక్కే పొడవాటి మెట్లున్నాయి. 1992లో స్పెయిన్‌లోని సెవిల్ ప్రపంచ ప్రదర్శన కోసం బురుజు పై రెండు అంతస్తులను అసలు కొలతల్లో మళ్లీ కట్టారు, కొండకు కొద్ది దూరంలో ఒక భవనంలో వాటిని చూడవచ్చు. తెరల కోసం అజుచి ఊరు వాటికన్‌కు మనుషులను పంపి వెతికించింది. దొరకలేదు. వెతకడం మానలేదు.

వాటికన్ మ్యూజియంలో సిస్టీన్ చాపెల్‌కు వెళ్లే జనం ఆ పటాల నడవాలోంచే సాగుతారు. తలలు పైకెత్తి బంగారు కప్పును చూస్తూ వెళ్లిపోతారు. మీరు ఎప్పుడైనా ఆ దారిన నడిస్తే, ఒక్క నిమిషం ఆగి, తల దించి, గోడ వారన ఖాళీగా ఉన్న నేలను కూడా చూడండి. అజుచి కొన్నాళ్లు అక్కడే నిలబడింది.