ముల్లూ గాడీ: అమెరికాలో కార్ట్రిడ్జ్‌లను చేత్తో మార్చుకున్న శ్రోతల కథ

గ్రామఫోన్ సూదిని తెలుగువారు ముల్లు అన్నారు. ఈ మాట వట్టి పోలిక కాదు. 78 వేగపు రికార్డుల కాలంలో ఉక్కు సూదులతో పాటు వెదురు పేళ్ళతో చేసిన సూదులూ, కాక్టస్ ముళ్ళూ నిజంగానే వాడకంలో ఉండేవి. రికార్డు తక్కువగా అరగాలనీ, పాట మెత్తగా వినిపించాలనీ కోరుకున్న శ్రోతలు వాటిని ఇంట్లోనే కత్తిరించి, సాన పట్టి వాడుకునేవారు. ధ్వనిని మెరుగుపరచడానికి శ్రోత తానే ముల్లు మీద చేయి వేయడమన్నది గ్రామఫోనంత పాత అలవాటు.

1948 జూన్‌లో కొలంబియా సంస్థ న్యూయార్క్‌లో ఎల్పీ రికార్డును ప్రవేశపెట్టడంతో ఆ చేతిపని స్వరూపం మారింది. 78 రికార్డు గాడికి సుమారు 75 మైక్రాన్ల మొన సరిపోయేది. ఎల్పీ గాడికి 25 మైక్రాన్ల మొన కావలసి వచ్చింది. ముల్లు ఇప్పుడొక వజ్రపు తునక. దాన్ని సన్నని కడ్డీ చివర అతికిస్తారు. గాడి కుదుపులకు కడ్డీ ఊగినప్పుడు దాని రెండో కొసనున్న అయస్కాంతమో, తీగచుట్టో కదిలి విద్యుత్తును పుట్టిస్తుంది. ఈ మొత్తం అమరికే కార్ట్రిడ్జ్. అయస్కాంతం కదిలే రకంలో కొన్ని మిల్లీవోల్టులు, తీగచుట్ట కదిలే రకంలో తరచు అర మిల్లీవోల్టు కంటే తక్కువ పుడతాయి. అంత చిన్న సంకేతాన్ని వేల రెట్లు పెంచితే గాని స్పీకరు పలకదు. అందుకే ఇక్కడ దొర్లిన చిన్న దోషమూ అన్ని రెట్లు పెరుగుతుంది.

రెండవ ప్రపంచయుద్ధం తర్వాతి అమెరికా ఇలాంటి పనికి అనువైన నేల. సైన్యంలో రేడియో పని నేర్చి వచ్చినవారు, యుద్ధంలో మిగిలి చౌకగా అమ్ముడుపోయిన విడిభాగాలు, వాటితో పాటు మిషిగన్ రాష్ట్రం బెంటన్ హార్బర్ నుంచి హీత్‌కిట్ సంస్థ పంపే కిట్లు. ఇవన్నీ కలిసి ఇంటి బల్ల మీదనే యాంప్లిఫయరు తయారు చేసుకునే తరాన్ని సృష్టించాయి. గడియారాల పనివాడైన జోసెఫ్ గ్రాడో 1953లో బ్రూక్లిన్‌లోని తన ఇంట్లో, వంటగది బల్ల మీదే కార్ట్రిడ్జ్‌ల తయారీ మొదలుపెట్టాడు. తర్వాత ఆ కుటుంబపు పళ్ళ దుకాణమే కర్మాగారమైంది. పరిశ్రమకూ ఇంటిపనికీ మధ్య గోడ అప్పట్లో అంత పలుచన.

1958లో స్టీరియో రికార్డులు వచ్చాయి. గాడి రెండు గోడల మీద రెండు వేర్వేరు సంకేతాలు చేరడంతో ముల్లు పని మరింత సున్నితమైంది. షూర్ సంస్థ 1964లో తెచ్చిన వి15 వంటి కార్ట్రిడ్జ్‌లలో ముల్లు భాగాన్ని ఊడదీసి మరొకటి తొడగవచ్చు. గుండ్రని మొన తీసి అండాకారపు మొన పెట్టుకోవడం సామాన్య శ్రోతకు కూడా అందుబాటులో ఉన్న మార్పు. తీగచుట్ట కదిలే రకంలో ఆ వీలు సాధారణంగా లేదు. ముల్లు అరిగితే కార్ట్రిడ్జ్ మొత్తం తయారీదారుకు తిరిగి పంపాలి, లేదా చెయ్యి తిరిగిన పనివాడికి అప్పగించాలి.

అయినా అమెరికన్ ఔత్సాహికులు ఎక్కువగా విప్పి చూసిన కార్ట్రిడ్జ్ ఈ రెండో రకానిదే. జపాన్‌లో 1960ల తొలినాళ్ళలో ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అవసరాల కోసం రూపొందిన డెనన్ డీఎల్-103 అది. గుండ్రని మొన, ప్లాస్టిక్ తొడుగు, 2.5 గ్రాముల ఒత్తిడి. రేడియో స్టేషన్లలో రోజంతా మొరాయించకుండా పనిచేయడమే దాని ధర్మం. తీగచుట్ట, అయస్కాంతం మేలైనవి, తొడుగు మాత్రం సాదాసీదాది. ఆ తేడాయే ఔత్సాహికులను ఆకర్షించింది. తొడుగు ఊడదీసి చెక్కలోనో, అల్యూమినియంలోనో యంత్రాన్ని అమర్చారు. లోపలి ఖాళీని ఎపాక్సీతో నింపారు. కొందరు న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్‌లో పీటర్ లెడర్‌మన్ నడిపే సౌండ్‌స్మిత్ వంటి చోట్లకు పంపి, కెంపు కడ్డీ, సన్నని మొన వేయించుకున్నారు.

ఇది పని చేయడానికి భౌతికశాస్త్రంలో కారణం ఉంది. ముల్లు గాడి నుంచి పుట్టించే శక్తిలో కొంత తొడుగులోకి పాకుతుంది. పలుచని ప్లాస్టిక్ తానూ కంపించి, పాటలో లేని ధ్వనిని కలుపుతుంది. బిగువైన తొడుగు ఆ కంపనను తగ్గిస్తుంది. రెండోది బరువు. కార్ట్రిడ్జ్, దాన్ని మోసే చేయి కలిసి స్ప్రింగుకు వేలాడే బరువులా ఊగుతాయి. ఆ సహజ కంపనం 8 నుంచి 12 హెర్ట్‌జ్ మధ్య ఉండడం మంచిది. అంతకు తగ్గితే రికార్డు వంకరలకు చేయి ఎగిరిపడుతుంది, పెరిగితే వినికిడి పరిధిని తాకుతుంది. డీఎల్-103 స్ప్రింగు బిరుసైనది కనుక తేలికపాటి చేతికి కొంత బరువు చేరడం మేలే చేస్తుంది. స్ప్రింగు మెత్తనైన కార్ట్రిడ్జ్‌కు అదే బరువు చేటు. ఒకచోట మందు మరోచోట విషం.

ఈ ప్రయోగాల్లో ఆత్మవంచనకూ చోటుంది. తొడుగు మార్చినవారు కార్ట్రిడ్జ్‌ను మళ్ళీ బిగిస్తారు, కోణం సరిచూస్తారు, ఒత్తిడి తూచుకుంటారు. ముల్లు గాడిని అనుసరించే కోణంలోని తప్పు వల్ల ధ్వని ఎంత వక్రమవుతుందో 1938లో లోఫ్‌గ్రెన్, 1941లో బేర్‌వాల్డ్ గణితంతో చూపించారు. కొత్త తొడుగు ఘనతగా చెప్పుకున్న దానిలో కొంత ఈ శ్రద్ధగా చేసిన అమరికకే చెందవచ్చు. మార్పుకు ముందూ తర్వాతా ఒకే పరీక్షా రికార్డుతో కొలిచినవారి మాటకు, ఒక సాయంత్రం విని మురిసిపోయినవారి మాట కంటే ఎక్కువ విలువ ఉండేది అందుకే. ఇక నష్టం ఎలాగూ ఉంది. తీగ వెంట్రుక కంటే సన్నన, ఉక్కు పనిముట్టును అయస్కాంతం చటుక్కున లాగేసుకుంటుంది. ఒక్క తప్పుతో కార్ట్రిడ్జ్ మూగబోతుంది.

ఈ చేతిపని అవసరం నానాటికీ పెరిగింది. బెరీలియం కడ్డీ గల షూర్ వి15 చివరి నమూనా 2005 ప్రాంతంలో ఆగిపోయింది. 2018లో షూర్ కార్ట్రిడ్జ్‌ల తయారీనే విరమించింది. 2020 నాటికి అమెరికాలో ఎల్పీల ఆదాయం 1980ల తర్వాత తొలిసారిగా సీడీలను దాటింది. వినేవారు పెరుగుతుండగా ఒక పెద్ద తయారీదారు తప్పుకున్నాడు. ఆ ఖాళీలో కొంతను పూరించింది మరమ్మతు తెలిసిన కొద్దిమంది చేతులే.

తెలుగు శ్రోతకు ఇది పరాయి విషయం కాదు. హరిశ్చంద్ర, పాండవోద్యోగ విజయాల పద్యాలు 78 రికార్డుల మీదనే ఇంటింటికీ చేరాయి. అవన్నీ సీడీలుగా రాలేదు. వాటిలో కొన్ని నేడు అమెరికాలోని తెలుగు ఇళ్ళ అటకల మీద ఉన్నాయి. వాటి మీద ఎల్పీ ముల్లు పెడితే అది వెడల్పాటి గాడి అడుగున పడి పాటతో పాటు గరగర ఎక్కువగా వినిపిస్తుంది. ధ్వని భాండాగారాల్లో పనిచేసేవారు అందుకే వేర్వేరు కొలతల ముళ్ళు దగ్గర ఉంచుకుంటారు. కొంచెం పెద్దదో చిన్నదో అయిన మొన, పాత ఉక్కు సూదులు అరగదీయని చోట గోడను తాకి, పోయిందనుకున్న గొంతును తిరిగి పలికించగలదు.

రికార్డును చదివేదీ ముల్లే, అరగదీసేదీ ముల్లే. కార్ట్రిడ్జ్ తొడుగు పగిలితే మరొకటి దొరుకుతుంది, గాడి గోడ చెరిగితే దొరకదు. మార్పు ఏదైనా ప్రయోగం కార్ట్రిడ్జ్ మీద జరగాలి గాని రికార్డు మీద కాదన్నదే ఈ డెబ్బై ఏళ్ళ చేతిపని మిగిల్చిన వివేకం.