పాత కార్బురేటర్ కార్లలో పెట్రోల్ ఫిల్టర్, ప్రెషర్ రెగ్యులేటర్ సమస్యలు: ఇంకో పార్టు కొనే ముందు ఏం చూడాలి?

దాదా నడిపిన ప్రీమియర్ పద్మిని, అబ్బాజాన్ కొన్న మారుతి 800, పెళ్లిళ్లకు బయటికి తీసే అంబాసిడర్... ఇలాంటి కారు ఇంట్లో ఉంటే దాన్ని అమ్మడానికి మనసు రాదు. కానీ ఒరిజినల్ పార్టులు దొరకడం కష్టం. రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో దొరికిన బయటి కంపెనీ ఫిల్టర్ వేయిస్తారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో చూసి ప్రెషర్ రెగ్యులేటర్ పంపిస్తాడు. అది బిగించిన వారానికే బండి ఫ్లైఓవర్ మీద ఆగిపోతుంది. లేదంటే బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పుమంటుంది.

అప్పుడు చాలామంది కార్బురేటర్‌నే తప్పుపడతారు. దాన్ని విప్పి, కిట్ మార్చి, వేలు ఖర్చు పెడతారు. అసలు తప్పు చాలాసార్లు కొలవకుండా వేసిన పార్టులో, లేదా దాన్ని పెట్టిన చోటులో ఉంటుంది. ఇది డబ్బుతో పోయే విషయం కూడా కాదు. లీకైన పెట్రోలు వేడి ఇంజిన్ మీద పడితే కారు, అందులో ఉన్న కుటుంబం, రెండూ ప్రమాదంలో పడతాయి.

పెట్రోలు దారి

ట్యాంకు నుంచి పైపు ద్వారా పెట్రోలు పంపుకి వస్తుంది. పాత కార్లలో ఇది ఇంజిన్ తిరిగితేనే పనిచేసే డయాఫ్రమ్ పంపు. మెకానిక్‌లు దీన్నే ఏసీ పంపు అంటారు. పంపు నుంచి పెట్రోలు కార్బురేటర్ గిన్నెలోకి వెళ్తుంది. గిన్నెలో ఫ్లోట్ పైకి తేలగానే నీడిల్ వాల్వ్ మూసుకుంటుంది. మట్టం తగ్గితే తెరుచుకుంటుంది. ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వ్ చేసే పనే ఇది.

ఈ దారిలో చెత్తని ఆపేది ఫిల్టర్. ప్రెషర్‌ని తగ్గించేది రెగ్యులేటర్. కంపెనీ నుంచి వచ్చిన పంపు, దానికి సరిపోయే కార్బురేటర్ ఉన్న కారుకి రెగ్యులేటర్ అవసరమే లేదు. పంపులోని స్ప్రింగే ప్రెషర్‌ని హద్దులో ఉంచుతుంది.

ప్రెషర్ ఎంత ఉండాలి?

కార్బురేటర్‌కి కావాల్సింది చాలా తక్కువ. ఎక్కువ మోడళ్లకు 2 నుంచి 4 పీఎస్ఐ సరిపోతుంది. కారు టైరులో 30 పీఎస్ఐ గాలి ఉంటుందనుకుంటే, ఇది దాదాపు అందులో పదో వంతు. అంతకు మించితే ఫ్లోట్ ఎంత పైకి నెట్టినా నీడిల్ వాల్వ్ ఆపలేదు. గిన్నె పొంగుతుంది. దీన్నే 'కార్బురేటర్ ఓవర్ అవుతోంది' అంటారు.

ఎంపీఎఫ్ఐ కారు ట్యాంకులోని ఎలక్ట్రిక్ పంపు సుమారు 40 పీఎస్ఐ ఇస్తుంది. ఏసీ పంపు దొరకలేదని అలాంటి పంపు బిగించి, మధ్యలో చిన్న డయల్ రెగ్యులేటర్ పెట్టడం పెద్ద పొరపాటు. ఆ చిన్న రెగ్యులేటర్లు తక్కువ ప్రెషర్ పంపుల కోసం తయారైనవి. కార్బురేటర్ కార్ల కోసం తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపులు వేరేగా ఉంటాయి. అడిగి అవే తీసుకోవాలి.

'హై ఫ్లో' ఫిల్టర్ అవసరమా?

ఒక చిన్న లెక్క చూద్దాం. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకు 5 లీటర్లు తాగుతుంది. అంటే నిమిషానికి సుమారు 83 మిల్లీలీటర్లు, ఒక టీ కప్పుడు. మారుతి 800 లాంటి చిన్న ఇంజిన్ పూర్తి యాక్సిలరేటర్ మీద కూడా నిమిషానికి పావు లీటరు దాటదు. శుభ్రంగా ఉన్న మామూలు ఫిల్టర్ నుంచి ఇంత పెట్రోలు సులువుగా వస్తుంది. కాబట్టి ఖరీదైన రేసింగ్ ఫిల్టర్ వేస్తే పికప్ పెరుగుతుందనే మాటలో పస లేదు.

ఫిల్టర్‌లో నిజంగా చూడాల్సినవి వేరు:

• బాణం గుర్తు: పెట్రోలు వెళ్లే వైపే ఉండాలి. తిరగేసి పెట్టినా కొంతకాలం పనిచేస్తుంది, తర్వాత త్వరగా మూసుకుపోతుంది.

• మూతి సైజు: పైపు లోపలి కొలతకి సరిపోవాలి. 6 మిల్లీమీటర్ల మూతికి 8 మిల్లీమీటర్ల పైపు పెట్టి క్లిప్పు గట్టిగా బిగిస్తే పైపు మడతపడి గాలి లాగుతుంది. పంపుకి ముందున్న పైపులో ఇలా జరిగితే బయటికి చుక్క కూడా కారదు, బండి మాత్రం జర్క్ ఇస్తుంది.

• చోటు: సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దూరంగా ఉండాలి. వేడికి పెట్రోలు ఆవిరై పంపు ఖాళీగా కొట్టుకుంటుంది.

• గాజు ఫిల్టర్: చూడ్డానికి బాగుంటుంది. పగిలినా, వాషర్ ఎండిపోయినా పెట్రోలు నేరుగా ఇంజిన్ మీద పడుతుంది. ఇంటి కారుకి ఇది వద్దు.

పారదర్శక ప్లాస్టిక్ ఫిల్టర్ సగమే నిండి కనిపిస్తే చాలామంది కంగారుపడతారు. పైభాగంలో కొంత గాలి చిక్కుకుని ఉండటం మామూలే. బండి బాగా నడుస్తుంటే దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు. ఫిల్టర్ పూర్తిగా ఖాళీ అయిపోతుంటేనే, లేదా బుడగలు ఆగకుండా వస్తుంటేనే అనుమానించాలి.

లక్షణాన్ని బట్టి అనుమానం

1. ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే మీదో ఎత్తు మీదో పికప్ పోతుంది: ఫిల్టర్ మూసుకుపోవడం, రెగ్యులేటర్‌ని మరీ తగ్గించి పెట్టడం, పంపు బలహీనపడటం.

2. కొంత దూరం వెళ్లాక ఆగిపోతుంది, కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది: ముందుగా ట్యాంకు మూత తీసి చూడాలి. 'ఉస్స్' అని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. దీనికి ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

3. మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఆగిపోతుంది, సాయంత్రం మామూలుగా నడుస్తుంది: పెట్రోలు ఆవిరి కావడం. పైపుని వేడికి దూరంగా జరపాలి. దారిలో ఆగితే పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేసి పది, పదిహేను నిమిషాలు ఆగితే చల్లబడుతుంది. వేడి మానిఫోల్డ్ మీద మాత్రం నీళ్లు పోయకూడదు.

4. నల్ల పొగ, మైలేజీ పడిపోవడం, పెట్రోలు వాసన, వేడి మీద స్టార్ట్ కాకపోవడం: ప్రెషర్ ఎక్కువ కావడం, నీడిల్ వాల్వ్‌లో చెత్త, లేదా ఫ్లోట్ పగలడం.

5. కొత్త ఏసీ పంపు వేసిన తర్వాతే ఓవర్ కావడం మొదలైంది: పంపుకి, ఇంజిన్‌కి మధ్య ఉండే దిమ్మె, గాస్కెట్ల మందం చూడాలి. పాతదానికంటే పల్చగా ఉంటే పంపు చేయి ఎక్కువ దూరం కదులుతుంది, ప్రెషర్ పెరుగుతుంది.

6. ఇంజిన్ ఆయిల్ మట్టం పెరిగింది, డిప్‌స్టిక్‌కి పెట్రోలు వాసన వస్తోంది: పంపు డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు, లేదా కార్బురేటర్ పొంగి పెట్రోలు కిందికి దిగి ఉండొచ్చు. ఆ ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు పోతాయి. లోపం సరిచేసి ఆయిల్ మార్చాకే నడపాలి.

వరుసగా ఎలా చెక్ చేయాలి?

మొదట: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా పైపుని చేత్తో తడిమి చూడాలి. పగుళ్లు, మెత్తబడటం, తడి, వదులు క్లిప్పులు కనిపిస్తే అక్కడే ఆగి సరిచేయాలి.

రెండు: ఫిల్టర్ విప్పి అందులోని పెట్రోలుని తెల్లటి గిన్నెలోకి వంపాలి. ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకులో తుప్పు ఉంది. అడుగున వేరుగా నీళ్లు నిలిస్తే ట్యాంకులో నీరు చేరింది. కొత్త ఫిల్టర్ వారంలోనే ఎర్రబడితే ట్యాంకు కడిగించాలి, ఫిల్టర్ మీద ఫిల్టర్ మార్చకూడదు.

మూడు: పెట్రోలు ధార చూడాలి. కాయిల్‌కి వచ్చే సన్నటి వైరు తీసేసి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, లోహపు డబ్బాలో పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. ధార బలంగా, ఆగి ఆగి చిమ్మాలి. కొత్త ఫిల్టర్‌తో ధార పెరిగితే తప్పు పాత ఫిల్టర్‌ది. మారకపోతే పంపు, పైపు, లేదా ట్యాంకులో చూడాలి. ఈ పని ఆరుబయట, ఇద్దరు కలిసి చేయాలి.

నాలుగు: ప్రెషర్ కొలవాలి. పంపుకి, కార్బురేటర్‌కి మధ్య టీ జాయింట్ పెట్టి, 0 నుంచి 15 పీఎస్ఐ లోపు చూపే గేజీ బిగించాలి. టైరు గేజీ దీనికి పనికిరాదు. ఐడిల్‌లో ఒకసారి, రేస్ పెంచి ఒకసారి చూడాలి. రెండిట్లోనూ హద్దులో ఉంటే ఇంకా రెగ్యులేటర్ గురించి ఆలోచించనక్కర్లేదు. అప్పుడు నీడిల్ వాల్వ్, ఫ్లోట్ చూడాలి.

రెగ్యులేటర్ ఉన్న కారులో

దాని మీద రాసిన 1, 2, 3 అంకెలని నమ్మి సెట్ చేయకూడదు. చౌక రెగ్యులేటర్లలో డయల్ 2 మీద ఉన్నా గేజీ 4 చూపించవచ్చు. గేజీ చూస్తూ కొంచెం కొంచెంగా తిప్పి, లాక్ నట్ ఉంటే బిగించాలి.

ఎలక్ట్రిక్ పంపు ఉంటే ఇంకో పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి, పంపుని మాత్రం కొద్దిసేపు నడవనిచ్చి గేజీ చూడాలి. ముల్లు ఒకచోట నిలబడితే రెగ్యులేటర్ బాగున్నట్టు. మెల్లగా ఎక్కుతూ పోతే దాని లోపలి వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు, చెత్త పడి ఉండొచ్చు. అందుకే ఫిల్టర్ ఎప్పుడూ రెగ్యులేటర్‌కి ముందే ఉండాలి.

జాయింట్లకి తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టడం మన దగ్గర అలవాటు. దాని ముక్కలు ఊడి నీడిల్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. పెట్రోలుకి తట్టుకునే సీలెంట్ వాడాలి. పెట్రోలుని ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ పైపు ఉన్న కార్లలో దాన్ని మూసేయకూడదు. అది ప్రెషర్‌ని, ఆవిరిని తగ్గించడానికే ఉంది.

ఈ20 పెట్రోలుతో వచ్చిన మార్పు

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి దేశంలో దశలవారీగా బంకుల్లోకి వచ్చింది. పాత కార్ల రబ్బరు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పైపులు, పంపు డయాఫ్రమ్, వాషర్లు ఉబ్బి పగులుతాయి. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని ఇథనాల్ కదిలిస్తుంది, అది వచ్చి ఫిల్టర్‌లో చేరుతుంది. నీటిని కూడా పీల్చుకుంటుంది. కాబట్టి నెలల తరబడి కదలకుండా ఉన్న కారుని ఈద్‌కో, షాదీకో తీసే ముందు ఫిల్టర్, పైపులు చూసుకోవాలి. పైపు మార్చేటప్పుడు ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్నది ఇథనాల్‌కి బాగా తట్టుకుంటుంది. నీళ్ల పైపు, గ్యాస్ పైపు ముక్కలు ఎంతమాత్రం వాడకూడదు.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

• ఎలక్ట్రిక్ పంపు వేస్తే, ఇంజిన్ ఆగగానే అది కూడా ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్చో, గుద్దుకోగానే కరెంటు కట్ చేసే స్విచ్చో తప్పనిసరి. లేకపోతే యాక్సిడెంట్ తర్వాత కూడా పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

• పైపు నోటితో పీల్చి పెట్రోలు లాగకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

• మూసిన షెడ్‌లో ఇంజిన్ నడిపి చెక్ చేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

• పెట్రోలు వాసన వస్తుంటే పిల్లల్ని ఎక్కించుకుని 'దగ్గరేలే' అని బయల్దేరకూడదు. బండిలో చిన్న పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి ఉంచుకోవాలి.

మిస్త్రీ దగ్గర అడగాల్సినవి

మంచి మిస్త్రీ ఈ ప్రశ్నలకి నొచ్చుకోడు. 'ప్రెషర్ ఎంత చూపించింది భాయ్?', 'ఫిల్టర్‌లో ఏం వచ్చింది?', 'తీసిన పార్టు ఇవ్వండి' అని మర్యాదగా అడగాలి. ఒకేసారి ఫిల్టర్, పంపు, రెగ్యులేటర్ మూడూ మారిస్తే తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఒకటి మార్చి, నడిపి చూసి, తర్వాతే రెండోది. ఏ తేదీన ఏం మార్చారో, గేజీ ఎంత చూపించిందో ఆర్సీ కవర్లో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, రేపు బండిని ఇంకొకరు చూసినా పని మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.