అఱచేతికి వచ్చిన తరంగమానము

కొలత లేనిదే వస్తువు యొక్క నిజస్థితి తెలియదని మన తార్కికులు చెప్పుదురు. ధాన్యమునకు కుంచమును, బంగారమునకు త్రాసును, పొలమునకు గొలుసును గలవు. కంటికి కానరాని రేడియో తరంగమును గొలుచుట యెట్లు? అట్టి సాధన మొకటి మహాప్రయోగశాలలనుండి సామాన్యుని యఱచేతికి వచ్చిన చరిత్రను, దానిని కొనగోరువారు గమనింపవలసిన విషయములను నేడు మనవి చేసెదను.

దాని పేరు వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్. పేరు పెద్దదే కాని దాని పని తెలిసికొనుట కష్టము కాదు. కాలువలో నీటి యల మూసిన తలుపునకు దగిలి వెనుకకు మఱలుట మన మందఱము చూచినదే. తలుపు తెఱచియున్నచో అల ముందునకు సాగిపోవును. రేడియో యంత్రమునుండి తీగవెంట ఏరియలునకు బోవు తరంగమును అట్టిదే. ఏరియలు చక్కగా కుదిరినచో శక్తి యాకాశమున వ్యాపించును. కుదురనిచో కొంత భాగము వెనుకకు వచ్చును. ఈ సాధనము తానొక చిన్న తరంగమును పంపి, మఱలివచ్చిన దెంతయో, ఏ దశలో వచ్చినదో రెండును చెప్పును. పరిమాణముతోపాటు దశను గూడ చెప్పుటచేతనే దీనికి వెక్టర్ అను విశేషణము గలిగినది.

ఏరియలు కుదురుట వినోదమునకు మాత్రమే సంబంధించినది కాదు. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ యండమాను దీవులను ముంచినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ పక్షమున పోర్టుబ్లెయిరులో నుండిన భారతీప్రసాదు గారు తమ రేడియో ద్వారమున అచ్చటి క్షేమసమాచారములను దేశమునకు చేరవేసిరి. ఫోనులు మూగవోయిన వేళ ఒక తీగయే బంధువుల కాధారమైనది.

ఇక చరిత్ర. తరంగముల లెక్కలు మిక్కిలి చిక్కులతో గూడినవి. జపానునందు 1937లో మిజుహాషి, అమెరికాలో 1939లో బెల్ టెలిఫోను ప్రయోగశాలకు జెందిన ఫిలిప్ స్మిత్, వేఱువేఱుగా ఆలోచించి, ఆ లెక్కల నన్నిటిని ఒక్క వృత్తములో నిమిడ్చిరి. నేటికిని సాధనపు తెఱపై గనబడు స్మిత్ పటము అదియే. 1967లో హ్యూలెట్ పాకార్డు కంపెనీవారు 8410 అను అనలైజరును వెలువరించిరి. అది పలుపెట్టెల కూటమి. 1984లో వారి 8510 వచ్చినది. దీని విశేష మేమనగా, తన కొలతలోని దోషములను తానే గణించి తీసివేయు కంప్యూటరు దీనికి తోడైనది. కాని వీని వెల పెద్ద కంపెనీలకును పరిశోధనశాలలకును తప్ప గృహస్థునకు అందునది కాదు.

2016లో జపానునందు ఈడీ555 అను మాఱుపేరు గల యింజనీరొకరు అఱచేత నిముడు నానో వీఎన్‌ఏను రూపొందించిరి. కంప్యూటర్లకు కాలసంకేతము నిచ్చుటకై తయారైన చవుక చిప్పునే తరంగమునకు మూలముగా గొనిరి. అంతకంటె ముఖ్యముగా, దాని పటములను ప్రోగ్రామును దాచక లోకమున కిచ్చిరి. 2019లో చైనాలో హ్యూజెన్ అను పేరుతో ప్రసిద్ధులైన మఱియొకరు దానిని సంస్కరించి తయారు చేయింపగా, సుమారు 50 డాలర్లకే దేశదేశముల అమ్ముడుపోయెను. విద్య పంచినకొలది పెరుగునను మాట కింతకంటె నిదర్శన మేల?

కొనువారు ముందుగా తమ యవసర మేమో నిశ్చయించుకొనవలెను. తొలి నానో 50 కిలోహెర్ట్జులనుండి 900 మెగాహెర్ట్జుల వఱకు కొలుచునని వ్రాయబడినది. అందు 300 వఱకే చిప్పు స్వయముగా పనిచేయును. ఆపైన మూలతరంగపు గుణిజములతో పని గడుపును గనుక సూక్ష్మత తగ్గును. 2020లో వచ్చిన వీ2 రకము 3,000 మెగాహెర్ట్జుల వఱకు పోవును. అయినను 7, 14, 145 మెగాహెర్ట్జులపై మాటాడువారికి అంత దూర మేల? పెద్ద సంఖ్యకు ఆశపడి సొమ్ము వెచ్చించుట కంటె, నాలుగంగుళముల తెఱ గల హెచ్4 రకమును కొనుట మా యీడువారి కన్నులకు మేలు. కొన్ని నకళ్లలో లోపలి భాగములను కప్పు రేకు కవచము లుండవు, వానిని విడువవలెను.

నా పూర్వశిష్యు డొకడు ప్రభుత్వ పరీక్షలో నెగ్గి అమెచ్యూరు లైసెన్సు పొందినాడు. డాబానుండి యెదుటి కొబ్బరిచెట్టు వఱకు సుమారు 21 మీటర్ల తీగను, నడుమ రెండుగా విడదీసి, కట్టినాడు. తొలుత సాధనమును మొత్తము 900 మెగాహెర్ట్జులకు నడుపగా ఏమియు తెలియరాలేదు. ఏలయన అది ఒక్క పరుగులో 101 చోట్లనే కొలుచును. చోటునకు చోటునకు 9 మెగాహెర్ట్జుల యెడము. ఆ సందులో వాని ఏరియలు దాగిపోయినది. పిమ్మట 6 నుండి 8 వఱకే నడుపగా 6.8 యొద్ద గుంట కనబడెను. కావలసినది 7.1. "తీగ పొడవైనదండీ, మాస్టారుగారూ" అని యిరుకొసలను మూరెడేసి వెనుకకు మడిచెను. మఱల కొలువగా సరిగా కుదిరెను.

అంతకు ముందు వాడు చేసిన పనియే నాకు నచ్చినది. తూచువాడు తొలుత వట్టి తక్కెడ నెత్తి ముల్లు నడుమకు వచ్చినదా యని చూచును గదా! అటులే వాడు తీగకొసకు తెఱచిన బిరడాను, మూసిన బిరడాను, 50 ఓముల బిరడాను వరుసగా తగిలించి సాధనమును దిద్దెను. ఈ మూడును సాధనముతోడనే వచ్చును; పోగొట్టుకొనరాదు. కొలుచు పరిధి మాఱినప్పుడెల్ల మరల దిద్దవలెను. ప్రసారయంత్రపు శక్తిని మాత్ర మెన్నడును దీనిలోనికి పంపరాదు. పంపినచో లోపల మాడిపోవును.

పూర్వము గొప్ప యంత్రము చేసిన దోషపరిహారము నేడు చిన్న సాధనమును చేయగలదు. కాని ఆ మూడు బిరడాలను తగిలించు ఓపిక కొన్నవారిదే కావలెను. దిద్దని సాధనము వెల యెంతదైనను దొంగకుంచముతో సమానము. ఇంతటితో విరమించుచున్నాను.